పాత వీడియో ఆటలు – పరిగ్రహ పరిమాణము

శ్రావకుడు స్వీకరించు అయిదు అణువ్రతములలో చివరిది పరిగ్రహ పరిమాణము. మునికి సర్వమును విడుచుట విధి. గృహస్థునకు అది సాధ్యము కాదు గనుక, ఇంతకు మించి నా వద్ద ఉంచుకొనను అని తనకు తానే ఒక హద్దు గీసికొనుట విధి. ఆ హద్దును లెక్కించుటకు పెద్దలు తొమ్మిది పద్దులు ఏర్పరచినారు. పొలము, ఇల్లు, వెండి, బంగారము, ధనము, ధాన్యము, దాసదాసీ జనము, పశువులు, కడపట కుప్యము. కుప్యమనగా వెండి బంగారములు గాక మిగిలిన లోహపు పాత్రలు, ఇంటి సామాను. వర్తకులకు ఈ పద్ధతి సులభముగా బోధపడును. ఖాతా పుస్తకములో వలెనే ఇందులోను ప్రతి వస్తువునకు ఒక పద్దు ఉండి తీరవలెను.

సరే, ఒక గృహస్థుని బీరువాలో నలుబది వీడియో గేమ్ క్యాసెట్లు ఉన్నచో వానిని ఏ పద్దున వ్రాయవలెను? పొలము కాదు, ఇల్లు కాదు. ధనమందుమా, అంగడిలో అమ్మకమునకు పెట్టిన సరుకు కాదు. కుప్యమందుమా, వంటకు పనికి రావు, పడకకు పనికి రావు. పెద్దలు పద్దులు ఏర్పరచిననాడు ఇట్టి వస్తువే లేదు. ప్రశ్న వినగానే నవ్వు వచ్చుట సహజము. అయినను అణువ్రతము నిజముగా పాటింపదలచినవానికి ఇది నవ్వి వదలివేయదగిన ప్రశ్న కాదు.

చింతామణిలో ఒక బట్టల వర్తకుడు ఉన్నాడనుకొనవలెను. పేరుతో పనిలేదు. ఇట్టివాడు చిక్కబళ్ళాపురములో ఉండవచ్చును, బాగేపల్లిలో ఉండవచ్చును. వయస్సు నలుబది అయిదు దాటినది. ఉదయము దేవదర్శనము, పగలంతయు అంగడి, చీకటి పడకముందే క్యారియరులో వచ్చిన భోజనము. రాత్రి అంగడి తలుపులు వేసి లెక్క చూచుకొని ఇల్లు చేరిన తరువాత, మేడమీది గదిలో ఒక పాత పెట్టె టీవీ ముందు గంటసేపు కూర్చుండును. ఆదివారము వీలు చిక్కినప్పుడు బెంగళూరు వెళ్ళి, చిక్కపేట ప్రాంతమున ఆ రోజు జరుగు పాత సామాను సంతలో తిరుగును. విరిగిన రేడియోలు, తుప్పు పట్టిన బీగములు, జత తప్పిన చెప్పులు, వీని నడుమ ఎచ్చటనో ఒక పసుపు పచ్చని క్యాసెట్టు కనబడును. దానిని చూచినప్పుడు అతని గుండె కొట్టుకొను తీరు, కొత్త పట్టు రకము చూచినప్పుడు కూడ కొట్టుకొనదు. అతడు వ్రతము పట్టినవాడు. క్యాసెట్లు నలుబదికి మించరాదని ఒక నోటు పుస్తకములో వ్రాసి సంతకము చేసికొన్నాడు. పద్దు తెలియక ప్రస్తుతమునకు కుప్యములో వ్రాసినాడు.

పాత ఆటలమీది ఈ మక్కువకు ప్రపంచమంతట రెట్రో గేమింగ్ అని పేరు పడినది. ఆటల చరిత్ర పెద్దది కాదు. 1972లో అమెరికాలో అటారీ కంపెనీ పాంగ్ అను ఆటను విడుదల చేసినది. తెరకు ఈ ప్రక్క ఒక గీత, ఆ ప్రక్క ఒక గీత, నడుమ ఎగురు ఒక చుక్క, అంతే. జపానులోని క్యోటో నగరమున 1889లో చేతితో పేకముక్కలు చేసి అమ్ముటకు మొదలైన నింటెండో అను సంస్థ, తొంబది నాలుగేండ్ల తరువాత, 1983 జూలైలో, ఫ్యామికామ్ అను ఆటపెట్టెను 14,800 యెన్లకు అమ్మకమునకు పెట్టినది. అమెరికాకు పంపిన రూపముతో కలిపి అది ఆరు కోట్లకు పైగా అమ్ముడైనది. ఒక వస్తువును తొంబది ఏండ్లు అమ్మి, కాలము మారగానే మరొక వస్తువునకు మారగలిగిన ఆ వర్తకుల ఓపిక మెచ్చదగినదే.

మన దేశమున రంగుల టీవీ 1982 ఏషియన్ క్రీడలనాడు వచ్చినది. పది సంవత్సరములు గడచునప్పటికి ఫ్యామికామ్ పెట్టెకు నకళ్ళు సమురాయ్, లిటిల్ మాస్టర్ వంటి పేర్లతో అంగళ్ళలోనికి దిగినవి. అసలు పేరు కార్ట్రిడ్జ్ అయినను జనులు దానిని క్యాసెట్టు అనియే పిలిచినారు. ఇంట కొనలేని పిల్లలు గంటకింత అని ఇచ్చి వీడియో గేమ్ అంగళ్ళలో ఆడుకొన్నారు. 1990ల నడుమ షా వాలెస్ కంపెనీవారు సేగా సంస్థ అసలు యంత్రములను తెచ్చి అమ్మినను, ధర ఎక్కువగుటచేత మధ్యతరగతి ఇండ్లలో నకలు పెట్టెలే నిలిచినవి. చింతామణి వర్తకుడు పండ్రెండేండ్ల బాలుడుగా చేత పట్టినది కూడ ఆ నకలే.

ఇచ్చట మూడవ అణువ్రతమైన అచౌర్యము అడ్డము వచ్చును. ఆ వ్రతమునకు చెప్పిన అతిచారములలో తక్కువ తూకము, ఎక్కువ కొలత ఒకటి. అసలు సరుకు పేర నకలు సరుకును నడుపుట మరొకటి. దీనికి ప్రతిరూపక వ్యవహారమని పేరు. నేతిలో కొవ్వు కలుపుట, మేలిమి అని చెప్పి తరుగు బంగారము అంటగట్టుట పెద్దలు చెప్పు ఉదాహరణములు. ఆనాటి క్యాసెట్లు ఈ రెండు దోషములకును మంచి నమూనాలు. వానిలోని ఆటలను కూర్చినవారికి ఒక పైస ముట్టలేదు. పైగా, 9999 ఆటలు ఒకే క్యాసెట్టులో అని మీద అచ్చు వేసి ఉండును. పెట్టి చూచినచో ఆటలు పదో ఇరువదియో. అవే మరల మరల వచ్చును. ఒక దానిలో రెండవ అంకమునుండి, ఇంకొక దానిలో మూడవ అంకమునుండి మొదలగును గనుక పేరు మార్చి వేరు ఆటగా లెక్క వేసినారు. తొమ్మిది వేల తొమ్మిది వందల తొంబది తొమ్మిది అని నమ్మిన బాలుడు వేసవి సెలవులలో ఒక్కొక్కటే నొక్కి చూచి, మూడు దినములకు మోసము కనిపెట్టినాడు. తూకములో మోసమనగా ఏమో అతనికి మొదట తెలిసినది తండ్రి అంగడిలో కాదు, ఆ క్యాసెట్టు వద్ద.

అట్లని ఆట అనగానే మన సంప్రదాయమునకు పడదనుకొనరాదు. తెలుగు ఇండ్లలో వైకుంఠపాళి అని ఆడుకొను పాముల పటమునకు జైన రూపమున్నది. జ్ఞాన చౌపడ్ అందురు. సాధారణముగా 84 గడులు. నిచ్చెనలు పుణ్యమునకు, పాములు పాపమునకు గుర్తులు. పై కొసన సిద్ధలోకము. గుడ్డపైన చిత్రించిన పటములు నేటికిని భద్రముగా ఉన్నవి. పర్యూషణ దినములలో శ్రావకులు దీనిని ఆడు వాడుక ఉండెడిది. పాముల నిచ్చెనల ఆట తెల్లవారి దేశములకు పోయినది మన దేశమునుండియే. కాబట్టి గడి దాటుట, జారి పడుట, మరల మొదటినుండి ఎక్కుట అను ఊహ మన పెద్దలకు కొత్త కాదు. వీడియో ఆటలో మూడు ప్రాణములు ఇచ్చి, మూడును పోయినచో మొదటికి పంపుదురు. చతుర్గతులలో తిరుగు జీవుని సంగతి విన్నవానికి ఇదియు వింత కాదు.

హింస సంగతి మాత్రము తేలికగా విడువరానిది. డక్ హంట్ అని 1984లో వచ్చిన ఆట ఒకటి. బొమ్మ తుపాకిని తెరవైపు చూపి ఎగురు బాతులను కొట్టవలెను. తెర వెలుగును తుపాకి గుర్తించును. పాత పెట్టె టీవీలో తప్ప నేటి పలుచని టీవీలలో అది పని చేయదు. ‘తెరమీది బాతునకు ప్రాణమే లేదు గదా, దోషమేమి’ అని యువకులు అడుగుదురు. ఈ ప్రశ్నకు జవాబు వేయేండ్ల క్రిందటనే తెలుగు గడ్డమీద ఒకరు వ్రాసి ఉంచినారు. వేములవాడ చాళుక్యుల ఏలుబడిలోని గంగాధారలో సోమదేవసూరి 959లో యశస్తిలకము పూర్తి చేసినాడు. 1209లో జన్నకవి కన్నడమున యశోధర చరితె వ్రాసినాడు. రెండింటిలోను కథ ఒకటే. యశోధర మహారాజు బలి ఇయ్యనన్నాడు. తల్లి విడువలేదు. చివరకు ప్రాణమున్న కోడి బదులు పిండితో కోడిని చేసి నరికినారు. ఆ సంకల్ప దోషమున తల్లీ కొడుకులు జంతువులై పుట్టి, చచ్చి, మరల పుట్టి, పడరాని పాట్లు పడినారు. పిండికోడికిని ప్రాణము లేదు. దోషము కత్తి పట్టినవాని మనస్సులోనిది.

అయితే ప్రతి ఆటయు పిండికోడి కాదు. రంగు దిమ్మెలను పేర్చు టెట్రిస్ ఉన్నది. రష్యావాడు అలెక్సీ పజిత్నోవ్ 1980లలో దానిని కల్పించినాడు. కారు పందెములున్నవి, చిక్కు త్రోవలున్నవి. చింతామణి వర్తకుడు డక్ హంట్ క్యాసెట్టును చాలకాలము బీరువా అడుగున ఉంచి, ఒకనాడు ఎవరికో ఇచ్చివేసినాడు. తుపాకి ఆటలు వద్దని మాత్రమే అతడు ఒక గీత గీసికొన్నాడు. గీత సరియైన చోటనే పడినదా అని వాదించువారుండవచ్చును. తన్నులాటలు మాత్రము బీరువాలో ఎందుకున్నవని అతని భార్య అడిగినప్పుడు, అతని వద్ద మంచి జవాబు లేకపోయినది.

ఇక లెక్క సంగతి. వ్రతమున హద్దు గీసినవాడు ఆ హద్దును మాటల చాతుర్యముతో దాటు విధములను కూడ పెద్దలు ముందే ఊహించినారు. రెండు పొలములకు మించి ఉంచుకొనను అన్నవాడు మూడవ పొలము కొని, నడుమ కంచె తీసివేసి, ‘చూడుడు, ఇప్పటికిని రెండే’ అనును. ఇంటి విషయమున నడిమి గోడ పడగొట్టి రెండిండ్లను ఒకటి చేయును. పాత్రల విషయమున చిన్నవి కరగించి పెద్దది పోయించును. ఇవన్నియు అతిచారములే. ఈ మాట వ్రాసిన పెద్దలు వర్తకుల మనస్సు ఎంత బాగుగా ఎరిగినవారో చెప్పనక్కరలేదు.

నేడు గోటియంత మెమరీ కార్డులో పదివేల పాత ఆటలు పట్టును. బరువు లేదు, చోటు అక్కరలేదు, ఖర్చు స్వల్పము. నలుబది క్యాసెట్లకు హద్దు కట్టినవాడు ఆ కార్డును కొని నలుబదిలో ఒకటిగా లెక్క వేసినచో వ్రతము నిలుచునా? కంచె తీసిన పొలము కథయే ఇది. ఇంకొక వైపునుండి చూడగా, ఆ పదివేలలో అతడు మూడింటినైనను ఆడడు. ఆడనిదానిని, చూడనిదానిని, పేరు కూడ తెలియనిదానిని నాది అనుకొనుటలో ఒక విచిత్రమైన సుఖమున్నది. వస్తువు లేకుండ వట్టి ‘నాది’ మాత్రమే మిగులును. పరిగ్రహమనగా వస్తువు కాదు, దానిమీది మూర్ఛయే అని తత్త్వార్థ సూత్రకారుడు నిర్ణయించిన మాటకు ఇంతకంటె స్పష్టమైన దృష్టాంతము దొరకుట కష్టము.

సంఖ్యతో హద్దు కట్టినచో ఈ చిక్కు. వెలతో హద్దు కట్టినచో మరొక చిక్కు. 1996లో వచ్చిన సూపర్ మారియో 64 అను ఆట, పెట్టె విప్పని ప్రతి యొకటి, 2021 జూలైలో అమెరికాలో హెరిటేజ్ వేలములో 15 లక్షల 60 వేల డాలర్లకు పోయినది. కొన్నవాడు దానిని ఆడలేడు. విప్పినచో వెల పడిపోవును. ఆట ఆడని ఆట! బంగారమైనచో కరగించి నగ చేయవచ్చును, వడ్డీకి కుదువ పెట్టవచ్చును. వర్తక కుటుంబములలో పెరిగినవారికి ఈ బేరము మింగుడుపడదు. ఇట్టి వేలముల వార్త చూచి ఊరూర అటకలమీది పాత పెట్టెలకును వెల పెరిగినది. ఇన్ని వేల రూపాయలకు మించి ఉంచుకొనను అన్నవాడు కొత్తగా ఒక్కటియు కొనకయే, బజారు పుణ్యమున, హద్దు దాటినవాడగును. కొన్న ధరకు వ్రాయవలెనా, నేటి ధరకు వ్రాయవలెనా అని సరుకు నిలువ చూచునప్పుడు ప్రతి ఏటా వచ్చు తగవే వ్రతములోనికి కూడ వచ్చినది.

కూర్చువారి పక్షమున చెప్పవలసిన మాట ఒకటి గట్టిదే ఉన్నది. 1982లో అటారీ కంపెనీ ఇ.టి. అను సినిమా పేరుమీద ఒక ఆటను తొందర తొందరగా చేయించి, గిరాకి చూడకుండ లక్షల కొలది క్యాసెట్లు సిద్ధపరచినది. సరుకు కదలలేదు. 1983లో మిగిలిన ఇతర సరుకుతో కలిపి న్యూ మెక్సికోలోని అలమొగోర్డో ఊరి చెత్తగుంటలో పూడ్చివేసినారు. 2014లో త్రవ్వి తీయగా, ఆ చెత్తలోని క్యాసెట్టు ఒకటి స్మిత్సోనియన్ మ్యూజియమునకు చేరినది. వర్తకుడు పారవేసినదానిని చరిత్రకారుడు వెదకుకొన్నాడు. 2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ అను సంస్థ పరిశీలించి, 2010కి ముందు అమెరికాలో వచ్చిన ఆటలలో నూటికి 87 నేడు ఏ అంగడిలోను కొనుటకు దొరకవని తేల్చినది. మిగిలినవి మిగిలినది ఎవరో కొందరు పారవేయక దాచినందువలననే. అట్టివారిని పిచ్చివారని త్రోసివేయరాదు.

దాచుట విషయమున మన సంఘమునకు పాఠము మూడబిదిరెలో ఉన్నది. షట్ఖండాగమమునకు వ్యాఖ్యయైన ధవళ మొదలైన గ్రంథముల తాటాకు ప్రతులు ఇక ఎచ్చటను లేక, అచ్చటి బసదిలో శతాబ్దములపాటు భద్రముగా నిలిచినవి. యాత్రికులు దూరమునుండి చూచి నమస్కరించి పోయెడివారు. చదివినవారు లేరు. ఆకులు శిథిలమగుచుండగా, 19వ శతాబ్ది చివర నకళ్ళు వ్రాయుట మొదలై, 1939లో ధవళ మొదటి సంపుటము అచ్చైనది. దాచినవారు లేనిచో అచ్చునకు ప్రతియే లేదు. నకలు వ్రాసినవారు లేనిచో ఆ ప్రతి పురుగుల పాలు. పైన నకలు క్యాసెట్లను తప్పు పట్టి, ఇచ్చట నకలును మెచ్చుట విరుద్ధము కాదా అని అడుగవచ్చును. అమ్ముకొనుటకు చేసిన నకలు వేరు, చెడిపోకుండ చేసిన నకలు వేరు అని చెప్పవచ్చును గాని, నడుమ గీత ప్రతిచోట ఇంత తేటగా ఉండదు. పాత ఆటల విషయమున చట్టము తెలిసినవారే ఇంకను వాదించుకొనుచున్నారు.

శ్రద్ధ వేరు, మూర్ఛ వేరు అని మాత్రము చెప్పవలెను. క్యాసెట్టు పని చేయనప్పుడు పిల్లలందరును దానిలో నోటితో ఊదెడివారు. ఊది పెట్టగా పని చేసెడిది. నిజమునకు ఊదుటవలన కాదు, తీసి మరల పెట్టుటవలన పళ్ళు సరిగా ఆనుకొనెడివి. ఊపిరిలోని తడి రాగి పళ్ళను చిలుము పట్టించును. దూదికి ఐసోప్రొపైల్ ఆల్కహాలు అద్ది తుడువవలెను. తెల్లని ప్లాస్టిక్కు వెలుతురు తగిలి పసుపెక్కును. కొన్ని క్యాసెట్లలో ఆట ఎంతవరకు వచ్చినదో గుర్తుంచుకొనుటకు నాణెమంత బ్యాటరీ ఉండును. పదిహేను ఇరువది ఏండ్లకు అది ఉడిగిపోవును. ఆనాటితో అందులో దాచినదంతయు పోవును. చింతామణికి దాపుననే కైవారము. అచ్చట గాజుల మలారము మోసి అమ్మిన నారాయణప్ప తెలుగులోను కన్నడములోను తత్త్వపదములు పాడి యోగియై ప్రసిద్ధి కెక్కినాడు. పగులు సరుకును దినదినము చేతులతో ఎత్తి, తొడిగి, అమ్మినవాడు. పగులునని తెలిసియు పగులకుండ పట్టుకొను నేర్పు గాజులవానికి తప్పదు.

ఇప్పుడు చింతామణి వర్తకుని బీరువాకు మరల రావలెను. నలుబదిలో అతనికి ప్రాణప్రదమైనది ఒకటి. 1999లో బంధువొకరు సింగపూరునుండి తెచ్చి ఇచ్చిన గేమ్ బాయ్, దానితో పోకేమాన్ రెడ్ అను క్యాసెట్టు. ఈ ఆట జపానులో 1996లో వచ్చినది. కల్పించిన సతోషి తజిరి చిన్నతనమున పురుగులను పట్టి కూర్చు అలవాటు కలవాడు. ఆటయు అట్టిదే. 151 వింత జీవులను ఒక్కొక్కటిగా పట్టి కూర్చవలెను. అవి ఒకదానితో ఒకటి పోరాడును. ఓడినది చావదు, మూర్ఛపోవును. (ఇందులో మూర్ఛ ఎవరిదో ఆలోచింపవలసియున్నది.) మరియొక చమత్కారము. రెడ్ అను క్యాసెట్టులో కొన్ని జీవులు ఎంత వెదకినను దొరకవు. అవి బ్లూ అను క్యాసెట్టులో ఉండును. దానిలో లేనివి దీనిలో ఉండును. బ్లూ ఉన్నవాడొకడు ఎదుట కూర్చుండి, తీగతో రెండు పెట్టెలను కలిపి, ఇచ్చి పుచ్చుకొన్నప్పుడే లెక్క నిండును. ఒంటరిగా ఎంత కూర్చినను నిండదు. వర్తకునకు ఆ రెండవవాడు ఎన్నడును దొరకలేదు. ఇరువది అయిదేండ్లుగా అతని లెక్క నూట ఇరువదులలోనే ఆగియున్నది. బ్యాటరీ మాత్రము అద్భుతముగా నిలిచినది.

ఒక వేసవిలో బాగేపల్లినుండి చెల్లెలు పిల్లవానితో వచ్చినది. వానికి పదకొండేండ్లు. మామ అంగడికి పోయిన వేళ బీరువా తాళము దొరకినది. గేమ్ బాయ్ తెరచి, కొత్త ఆట మొదలుపెట్టి, రెండు గంటలు ఆడి, భద్రపరచుమని మీట నొక్కినాడు. ఆ క్యాసెట్టులో దాచుటకు ఉన్న చోటు ఒక్కటే. కొత్తది దాచగానే పాతది తుడుచుకొని పోయినది.

రాత్రి వచ్చి చూచుకొన్న వర్తకుడు అరచినాడు. ‘దీనికి చెయ్యి పెట్టమన్నది ఎవర్రా నిన్ను? ఇరవై అయిదేండ్లు! తెలుసునా నీకు, ఇరవై అయిదేండ్లు!’ పిల్లవాడు గోడకు ఆనుకొని నిలుచున్నాడు. చెల్లెలు, ‘ఆట వస్తువు కదన్నా’ అని ఒక మాట అన్నది. దానికి అతడు ఇచ్చిన జవాబు వ్రాయదగినది కాదు. అంగడిలో పనివాడు పట్టుచీరపైన కాఫీ ఒలకబోసిననాడు కూడ అతడు అంత గొంతు ఎత్తలేదు. తెల్లవారి మొదటి బస్సునకు వారు బాగేపల్లికి వెళ్ళిపోయినారు.

భాద్రపదము వచ్చినది. సంవత్సరి ప్రతిక్రమణములో 84 లక్షల జీవయోనులను క్షమాపణ వేడినాడు. ఎదురు చెప్పువారెవరును లేరు. ఇంటికి వచ్చి వాట్సాపులో మూడు వందల మందికి మిచ్ఛామి దుక్కడం పంపినాడు. చెల్లెలికిని అందులోనే పోయినది. ఆమె చేతులు జోడించిన బొమ్మ ఒకటి తిరిగి పంపినది. లెక్క ప్రకారము అంతయు సరిపోయినది. ఎనుబది నాలుగు లక్షలలో ఒక్కటి మాత్రము, పదకొండేండ్లది, గోడకు ఆనుకొని అట్లే నిలుచున్నది.

మూడు దినముల తరువాత అతడు గేమ్ బాయ్‌ను చిక్కబళ్ళాపురము తీసికొనిపోయినాడు. అచ్చట పాత టీవీలు బాగుచేయు మేస్త్రీ ఒకడున్నాడు. క్యాసెట్టు విప్పించి, ఉడిగిపోవుటకు సిద్ధముగా ఉన్న బ్యాటరీని తీయించి, కొత్తది అతికించినాడు. బ్యాటరీ తీయగానే లోపల ఉన్నదంతయు, పిల్లవాడు రెండు గంటలు ఆడినదియు, పోవునని మేస్త్రీ ముందే చెప్పినాడు. ‘పోనీ’ అన్నాడు వర్తకుడు. ఆ మాట అనుటకు అతనికి కొంచెము సేపు పట్టినది. తరువాత పెట్టెను, క్యాసెట్టును ఒక పాత తువ్వాలలో చుట్టి, బాగేపల్లి అంగడికి పోవు బట్టల మూటలో పెట్టి, పైన పిల్లవాని పేరు వ్రాసి పంపినాడు. తప్పయినది అని ఒక చీటీ వ్రాసినాడు. మొదట ‘నీవు అడుగకుండ తీసినందున’ అని మొదలుపెట్టి, ఆ చీటీ చించి, మరియొకటి వ్రాసినాడు.

రాత్రి నోటు పుస్తకము తీసి నలుబది కొట్టివేసి ముప్పది తొమ్మిది అని వ్రాసినాడు.

పదునైదు దినములకు, అంగడిలో పెండ్లి బట్టలకు వచ్చినవారు కూర్చుండియుండగా, ఫోను మ్రోగినది.

‘మామా, గుహలో దారి తప్పిపోయినాను. ఎటు పోయినా అదే చోటికే వస్తున్నాను. ఎట్ల బయటికి పోవల్ల?’

వర్తకుడు చీర మడతమీదనే చెయ్యి ఉంచి, కన్నులు మూసికొని, క్రిందికి దిగు నిచ్చెనల వరుస చెప్పినాడు. గుహ అతనికి అంగడికంటె బాగుగా జ్ఞాపకమున్నది. పెండ్లివారు ఒకరి ముఖము ఒకరు చూచుకొన్నారు.

‘ఇంకొకటి మామా. ఇది రెడ్డు కదా. బ్లూ లేకుంటే అన్నీ దొరకవంట. మా బళ్ళో ఎవరి దగ్గరా లేదు. నీ దగ్గర ఉందా?’

‘లేదురా.’

‘దొరుకుతుందా?’

ఆదివారపు సంతలో బ్లూ క్యాసెట్టు ఒకటి అతడు నెలరోజుల క్రిందటనే చూచియున్నాడు. ధర కూడ అడిగినాడు. అప్పుడు లెక్క నలుబది, చోటు లేదు. ఇప్పుడు ముప్పది తొమ్మిది. ఇచ్చినందువలన ఖాళీయైన గడిని కొని నింపినచో, అది ఇచ్చుటయగునా, మార్చుటయగునా? కొనకున్నచో పిల్లవాని ఎదుట తీగ పట్టుకొని కూర్చుండువాడెవడు?

‘చూస్తానులే’ అని ఫోను పెట్టి, పెండ్లివారివైపు తిరిగి, అంచు వెడల్పు ఎంత కావలెనని అడిగినాడు.